పళ్ళపొడి నుంచి ప్రీమియం బ్రాండ్ వరకు: ఒక చారిత్రక పరిశీలన

7.1 ఉపోద్ఘాతం

ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడల్లో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నవారు మీలో కొందరైనా ఉంటారు. షిఫ్టు ముగించుకొని ఇంటికి వెళుతూ ఒక కిరాణా దుకాణం దగ్గర ఆగండి. పళ్ళపొడి డబ్బా, సాధారణ టూత్‌పేస్ట్, దానికి కొన్ని రెట్లు ఖరీదైన మరో పేస్ట్ ఒకే అరలో కనిపిస్తాయి. మూడూ పళ్ళు తోముకోవడానికే. అయినా ధరల్లో ఇంత తేడా ఎలా ఏర్పడింది? ఆ అదనపు ధర చివరికి ఎవరికి చేరుతుంది? ఈ రెండు ప్రశ్నలను చరిత్ర ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం.

7.2 ఉచిత వస్తువు నుంచి పేరున్న సరుకు దాకా

మన పల్లెల్లో పళ్ళు తోముకోవడానికి ఒకప్పుడు పైసా ఖర్చు ఉండేది కాదు. వేపపుల్ల, కచ్చిక, బొగ్గుపొడి, ఉప్పు ఇంటి దగ్గరే దొరికేవి. ఊరికే దొరికేదాన్ని డబ్బిచ్చి కొనిపించడం వ్యాపారికి ఎదురైన మొదటి సమస్య. పొట్లం కట్టిన పొడిలో ఏం కలిపారో కొనేవారికి తెలియదు. కాబట్టి ఆ పొడి వెనుక నమ్మదగిన పేరొకటి ఉండాలి.

ఇందుకు మంచి ఉదాహరణ మన నగరంలోనే ఉంది. ఉప్పల్ నుంచి రామంతాపూర్ మీదుగా నగరంలోకి వస్తే అంబర్‌పేట తగులుతుంది. అక్కడి కార్ఖానా జిందా తిలిస్మాత్‌ను హకీమ్ మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో, నిజాం పాలనా కాలంలో స్థాపించారు. యునానీ ఔషధం జిందా తిలిస్మాత్‌తో పాటు ఫారూఖీ టూత్ పౌడర్ కూడా ఈ సంస్థ ఉత్పత్తే. పళ్ళపొడికి వ్యవస్థాపకుని పేరులోని మాటనే పెట్టారని గమనించండి. ఔషధం సీసా మీద ఉన్న హబ్షీ సైనికుడి బొమ్మను బట్టి చదవడం రానివారు కూడా సరుకును గుర్తుపట్టగలరు. పేరు, బొమ్మ, మారని తయారీ కలిసి ఒక శతాబ్దం పాటు నిలిచే నమ్మకాన్ని ఇచ్చాయి. అయితే ఈ పళ్ళపొడి సామాన్యుల సరుకుగానే ఉండిపోయింది. నమ్మకం ఉన్నంత మాత్రాన వస్తువు ప్రీమియం కాదని దీనివల్ల తెలుస్తుంది.

7.3 ప్రీమియం ఏర్పడిన క్రమం

మరి సాధారణ వస్తువు ఖరీదైన బ్రాండుగా ఎలా మారుతుంది? ప్రపంచ చరిత్రలో నాలుగు మెట్లు కనిపిస్తాయి.

మొదటిది రూపం. విలియం కోల్గేట్ 1806లో న్యూయార్క్‌లో ప్రారంభించిన సంస్థ 1873లో టూత్‌పేస్ట్‌ను జాడీల్లో అమ్మింది. 1896లో నొక్కితే వచ్చే ట్యూబులోకి మార్చింది. ఇంటిల్లిపాదీ ఒకే జాడీలో బ్రష్ ముంచే అవసరం తప్పింది.

రెండవది భయం. అమెరికాలో పెప్సోడెంట్ ప్రకటనలు రాసిన క్లాడ్ హాప్కిన్స్ పళ్ళ మీది పాచి పొరను చూపించి అమ్మకాలు పెంచాడు. అంతవరకు ఎవరూ పట్టించుకోని పొర ఒక సమస్యగా మారింది.

మూడవది సాక్ష్యం. 1955లో వచ్చిన క్రెస్ట్ ఫ్లోరైడ్ పేస్ట్‌ను 1960లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ గుర్తించింది. అమ్మేవాడు కాక మరొకరు హామీ పడటంతో దాని అమ్మకాలు బాగా పెరిగాయి.

నాల్గవది ఒకే సమస్యను ఎంచుకోవడం. 1961 నాటి సెన్సోడైన్ అందరి పళ్ళ గురించీ కాక, చల్లనివి తగిలితే జివ్వుమనే పళ్ళ గురించి మాత్రమే మాట్లాడింది. నొప్పి ఉన్నవాడు ధర గురించి అంతగా ఆలోచించడు.

ఇదంతా మోసమని తీర్మానించకండి. సున్నితమైన పళ్ళకు వాడే పొటాషియం నైట్రేట్ వంటి పదార్థాలకు నిజంగా పనిచేసే గుణం ఉంది. అయితే సుద్ద లేదా సిలికా, తేమ నిలిపే పదార్థం, నురుగునిచ్చే పదార్థం, రుచి అనే మూల సరంజామా చౌక పేస్ట్‌లోనూ ఖరీదైన పేస్ట్‌లోనూ ఇంచుమించు ఒకటే.

7.4 చట్టం, పన్ను

పొడికీ పేస్ట్‌కీ ఉన్న అంతరాన్ని ప్రభుత్వం కూడా గుర్తించింది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పళ్ళపొడిపై 12 శాతం, టూత్‌పేస్ట్‌పై 18 శాతం పన్ను విధించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటిపైనా 5 శాతమే. నాణ్యత విషయంలోనూ హద్దులున్నాయి. పళ్ళపొడి, పేస్ట్‌లలో పొగాకు వాడకాన్ని 1992లో నిషేధించారు. పేస్ట్‌లో ఫ్లోరైడ్ పది లక్షల భాగాలకు 1000 భాగాలు మించరాదు.

7.5 లాభం ఎవరిది?

ఇప్పుడు మన రెండవ ప్రశ్నకు వద్దాం. నేడు బ్రాండు యజమానికి సొంత ఫ్యాక్టరీ ఉండనవసరం లేదు. ఏదైనా పారిశ్రామిక వాడలోని చిన్న యూనిట్ పేస్ట్ కలిపి, ట్యూబుల్లో నింపి, పెట్టెల్లో పెట్టి పంపగలదు. ఆ యూనిట్‌కు దక్కేది ట్యూబుకు ఇంతని కట్టే కూలి. ధర రెట్టింపైనా ఆ కూలి దానంతట అది రెట్టింపు కాదు. పెరిగిన భాగం పేరు ఎవరి సొత్తో వారిదే. అంబర్‌పేట సంస్థ ఖరీదైన సరుకు అమ్మలేదు. కాని తన పేరును తానే నిలుపుకొంది. అందుకే మూడు తరాల కిందటి నమ్మకం ఈనాటికీ దాని ఆస్తిగానే ఉంది.

మీలో ఎవరైనా చిన్న యూనిట్ పెట్టదలిస్తే యంత్రం కొనే ముందు పేరు గురించి ఆలోచించండి. ట్రేడ్ మార్కుల చట్టం, 1999 ప్రకారం నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. యంత్రానికి ఏటా తరుగుదల ఉంటుంది. మాట నిలబెట్టుకున్న పేరుకు ఏటా విలువ పెరుగుతుంది.

7.6 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నమ్మకానికీ ప్రీమియం ధరకూ గల తేడాను ఫారూఖీ టూత్ పౌడర్ ఉదాహరణతో వివరించండి.
2. ప్రీమియం బ్రాండ్ ఏర్పడటంలోని నాలుగు మెట్లను రాయండి.
3. మీ ఇంట్లోని పేస్ట్ పెట్టెను తిప్పి చూడండి. తయారీదారు, బ్రాండు యజమాని ఒక్కరేనా? ఒక గ్రాము ధర ఎంత? దుకాణంలోని మరో రెండు రకాలతో పోల్చి, ఆ తేడాలో పదార్థం విలువ ఎంత, పేరు విలువ ఎంత ఉండవచ్చో చర్చించండి.