కిక్రికి వారసులెవరు?

పూర్వుల నాటి వస్తువు ఇంట నుండుటకన్న, అది యెవరిదో, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో చెప్పగలుగుట మిన్న. రాజవంశములకును, అగ్రహారీకులకును ఇది కొంత సులభమైన పని. వారికి తామ్రశాసనములు కలవు. దాత పేరు, ప్రతిగ్రహీత గోత్రము, గ్రామపు పొలిమేరలు, తిథివారములు అందు చెక్కబడియుండును. అట్టి రేకు పొలములో దొరకినను, దానినిబట్టి వంశస్థులను వెదకుటకు మార్గము కలదు. ప్రధాను కులమువారమగు మనకు అట్టి రేకులు లేవు. మన పితామహులు మనకు విడిచిపోయినది మూడు తంత్రుల కిక్రియు, దానిపై పాడుకొనిన వంశకథలును. కిక్రి తన పేరు తాను చెప్పుకొనజాలదు. దానిని వాయించినవాడు గతించి, కథ యెరిగినవాడును గతించిన పిమ్మట అది వట్టి కొయ్యయగును. కావున, పేరులేని వస్తువునకు వారసులను గుర్తించుటకు మన ఆచారములందే యేమి సాధనములు కలవో ఈ వ్యాసమున విచారింపదలచితిని.

ఈ ప్రశ్న గోలేటి మొదలుకొని గోదావరిఖని వరకు బొగ్గుగనుల ప్రాంతమున కాపురమున్న మనవారికి అత్యవసరమైనది. 1871లో డాక్టర్ కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ యను పేరు వచ్చెను. 1945లో నిజాము ప్రభుత్వము ఆ కంపెనీ వాటాలలో అధికభాగమును కొనెను. పిమ్మట గనులు విస్తరించి, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా రెబ్బెన మండలములోని గోలేటి ఒక కార్మికపట్టణమైనది. బెల్లంపల్లి ఏరియా కార్యాలయము నేడు అచ్చటనే యున్నది. కొండ గూడెములనుండి గనులకు వచ్చినవారికి జీతము, క్వార్టరు, పిల్లలకు బడి లభించినవి. ఇది మేలే. కాని మన వృత్తి దాతల ఇండ్లను ఆశ్రయించినది. దాత కొండమీదను, పాటాడి గనిలోను ఉన్నప్పుడు, క్వార్టరు అటకమీది కిక్రి ఎవరి కొరకు మ్రోగును?

మన కులమునకును గోండులకును గల సంబంధమే ఈ విచారమునకు మూలము. పహండి కుపార్ లింగు గోండుల దేవతలను గుహనుండి విడిపించుటయు, హీరాసుక పాటాడి కిక్రి మ్రోయించుటయు మన పెద్దలు పాడుచు వచ్చిన ఆదికథలు. వాని చారిత్రకత నట్లుంచి, అవి నిలిపిన కట్టుబాటును గమనింపవలెను. గోండులు సగలుగా విభజింపబడియున్నారు. యేర్వేన్, సార్వేన్, సీవేన్, నాల్వేన్ అనునవి క్రమముగా ఏడుగురు, ఆరుగురు, అయిదుగురు, నలుగురు సోదరుల సంతతులు. ఒక్కొక్క సగయందు పెక్కు పాడులు, అనగా ఇంటిపేర్లుగల వంశములు కలవు. ఒకే సగవారికి పరస్పరము వివాహము లేదు. ఈ సగలు, పాడులు మనకును కలవు. మనవారు దాతల వంశనామమునే ధరించి, ఆ వంశము వారికే తరతరములుగా పాటాడులై యుందురు. ఇంటిలో మరాఠీ మాటలాడుచున్నను, పెర్సాపేన్ ఎదుట గోండీలోనే పాడుదురు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫు 1948లో ప్రకటించిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథమునకు ప్రధానుల నోటి కథలే ముఖ్యమైన ఆధారములని తెలిసినవారికి, ఈ గానము కేవలము వినోదము కాదనుట వేరుగ చెప్పనక్కరలేదు. గోండుల వంశచరిత్ర మన కంఠములందు నిక్షేపింపబడినది.

ఈ కట్టుబాటువలననే పేరులేని వస్తువునకు గురుతులు లభించుచున్నవి. మొదటిది పాడి. ఈ కిక్రి ఏ వంశము వారి పేన్ ఎదుట మ్రోగినదో తెలిసినచో, వేలకొలది కుటుంబములలో వెదకుట మాని ఒక్క వంశములో వెదకవచ్చును. రెండవది స్థానము. పెర్సాపేనునకు ఒక నెలవు కలదు. ఎక్కడెక్కడికో చెదరిన వంశస్థులు పుష్యమాసమునను, మరల వేసవి ఆరంభమునను పూజకై అచ్చట కూడుదురు. వెదకువాడు ఊరూర తిరుగుటకంటె ఆ దినమున అచ్చటికి పోవుట మేలు. మూడవది పంపకము. మనలో అన్నదమ్ములు విడిపోవునప్పుడు భూములను పంచుకొనునట్లు దాతల ఇండ్లనుగూడ పంచుకొందురు. ఏ గూడెము ఎవరి పాలికి వచ్చెనో తెలిసినచో, ఆ గూడెమునకు పోవు వాద్యము ఎవరి ఇంటికి చేరెనో ఊహింపవచ్చును. నాలుగవది దాతల జ్ఞాపకము. తండ్రి దినములకు ఏ పాటాడి వచ్చెనో, అతనికి ఏమి కానుక ఇచ్చితిమో గోండు గృహస్థు మరువడు. మన ఇంటిలో మరచిపోయిన పేరు దాత ఇంటిలో నిలిచియుండవచ్చును. మన వంశావళిలో సగము మన చేతిలో లేదు, దాతల నోట నున్నది. వారసులను వెదకువారు ఈ సంగతిని విస్మరింపరాదు.

ఇందుకు సజీవమైన దృష్టాంతము ఇంద్రవెల్లి మండలములోని కేస్లాపూరున కలదు. మెస్రం వంశమువారు పుష్యమాస అమావాస్యనాడు నాగోబాకు మహాపూజ చేయుదురు. దానికి ముందుగా వంశపు పెద్దలు పాదచారులై జన్నారం మండలములోని హస్తినమడుగునకు పోయి, ఝారీతో గోదావరీజలమును తెత్తురు. పూజకు కావలసిన కుండలను సిరికొండలోని కుమ్మరి కుటుంబము వంశపారంపర్యముగా చేసియిచ్చుచున్నది. వంశములోని 22 కితలవారికి వంట పొయ్యిలు నియతములు. క్రొత్తగా వచ్చిన కోడండ్రను పెద్దలకు, దేవునికి పరిచయము చేయు భేటి జరిగినగాని వారు ఆ పూజలో పాలుగొనరాదు. విజ్ఞులు గమనింతురుగాక: ఇది యెల్ల భక్తికృత్యమగుటతోబాటు, ఏటేట వంశావళిని సరిచూచుకొను కార్యముకూడ. ఝారీ యెవరిదను ప్రశ్న అచ్చట పుట్టదు. దానిని మోయువారును, దానికి తోడైన కుండలు చేయువారును, పొయ్యి వెలిగించువారును తమతమ స్థానములలో నిలిచియే యున్నారు. వస్తువును ఆచారము విడువనంతకాలము వారసుని వెదకవలసిన పనియే లేదు. ఆచారము తెగినచోటనే వెదకులాట మొదలగును.

తెగుటకు సిద్ధముగానున్న దారము మరల ముడివడిన కథయొకటి మన జిల్లాలలోనే జరిగినది. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీ లిపిలో వ్రాసిన సుమారు పండ్రెండు వ్రాతప్రతులను హైదరాబాదు విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి నాయకత్వమున వెలికి తెచ్చిరి. ఇది బాలాఘాటు ప్రాంతమున 1918లో మున్షీ మంగళసింగ్ మసారాం కల్పించిన లిపికంటె వేరైనది. ఇందు 12 అచ్చులు, 25 హల్లులు కలవు. హల్లుల వరుస మన బడిలో నేర్పునట్లు కకారముతో గాక యకారముతో మొదలగును. వ్రాతప్రతులలో నొకటి సుమారు 1750 నాటిదని పండితుల అంచనా. 1751లోనే నాగపురపు భోంస్లేలు చాందా గోండు రాజ్యమును హరించిరని తలచినచో, రాజ్యము పోవుచున్న దినములలో ఈ కొండలలో ఎవరో కలము పట్టుకొని కూర్చుండిరని తెలియుచున్నది. పూర్వకాలమున ప్రధానులు బర్మాలోని పెగూ రాజ్యముతో వర్తకసంబంధము కలిగియుండిరన్న ప్రస్తావనయు అందు కలదని చదివినవారు ప్రకటించిరి. రాజ్యములుపోయి, రాజుల దఫ్తరములు చెదరిపోయినను, ఈ కాగితములు గుడిసెలలో నిలిచినవి.

ఈ కథలో మనకు ముఖ్యమైన అంశము మరియొకటి కలదు. వ్రాతప్రతులు దొరికిననాటికి ఆ లిపిని చదువగలవారు కొలదిమంది వృద్ధులు మాత్రమే. వారు ఆ గ్రామములోనే యుండిరి. కాగితమును, దానిని చదువువాడును ఒకేచోట నుండుటవలన లిపి బ్రదికినది. 2014 సంవత్సరారంభమున లిపియు, దానికి ముద్రణాక్షరములును ప్రకటింపబడినవి. 2018లో ప్రపంచభాషల అక్షరములన్నిటికిని సంకేతములు నిర్ణయించు యూనికోడ్ ప్రమాణమున గుంజాల గోండీ లిపికి స్థానము లభించినది. అదే కాగితములు చదువువారినుండి వేరై ఏదో నగరమున సంగ్రహాలయపు పేటికను చేరియుండినచో, అద్దము వెనుక అందమైన గీతలుగా మాత్రమే మిగిలియుండెడివి. కావున వారసుని వెదకుట కేవలము ఆస్తిహక్కు నిర్ణయించుట కొరకు కాదు. వస్తువునకు నోరిచ్చుట కొరకు వెదకవలెను.

ఇక్కడ నొక చిక్కు ప్రశ్న కలదు. రక్తసంబంధముగల మనుమడు నగరమున నున్నాడు, కిక్రి పట్టుట యెరుగడు. ఆ వంశపు దాతల ఇండ్లకు దూరపు జ్ఞాతియొకడు పోయి పాడుచున్నాడు. వీరిలో వారసుడెవరు? ఈ చిక్కు మనకే కాదు. అమెరికాలో ఆదివాసుల పవిత్రవస్తువులు, పితరుల అస్థులు సంగ్రహాలయములందు చేరియుండగా, 1990లో వానిని తిరిగి యిచ్చుటకై శాసనము చేసిరి. అందు నేరుగా సంతతివారైన వారికి మొదటి హక్కును, అట్టివారు లభింపని యెడల వారి తెగకు తరువాతి హక్కును నిర్ణయించిరి. అది న్యాయస్థానముల దృష్టికి తగిన క్రమము. మన ఆచారము మరియొక మెట్టును చూపుచున్నది. దాత ఇంట చావు జరిగినపుడు పోవలసిన బాధ్యత ఎవరికి సంక్రమించెనో, వస్తువు వాని చేతిలో నుండవలెను. మనుమని పేరు వంశావళిలో నుండవలెను. ఒకరికి కిక్రి, ఒకరికి కీర్తి. ఇట్లు నిర్ణయించుకొన్నచో జ్ఞాతులమధ్య వివాదమునకు తావులేదు. కిక్రి అమ్ముడుపోవుటకును తావులేదు.

అమ్మకము మాట యెత్తితిని గనుక ఒక్క సంగతి చెప్పవలెను. పాతవస్తువులు కొనువారు నేడు కొండలకు వచ్చుచున్నారు. పేదరికముచే అమ్మినవానిని నిందింపజాలము. కాని అమ్మునపుడు ఏ పాడి, ఏ సగ, ఏ గూడెపు దాతలు అను మూడు మాటలు వ్రాసియిచ్చినచో, ఆ వస్తువు ఎంత దూరము పోయినను ఏనాటికైన దాని ఇల్లు దానికి తెలియును. అవి లేక పోయినది అనాథయగును. సంగ్రహాలయములందు ‘గిరిజన వాద్యము’ అని చీటీ అంటించినంతమాత్రమున దానికి వంశము తెలియదు.

సోదర సోదరీమణులారా! మన పిల్లలు తెలుగు, ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. మరాఠీ తగ్గుచున్నది, గోండీ పాట అంతకంటె తగ్గుచున్నది. బహిరంగగనులకై గూడెములు లేచిపోవునపుడు ఇంటికి, చెట్టునకు, పొలమునకు వెలకట్టి వ్రాసికొందురు. దాతకును పాటాడికిని గల సంబంధమునకు వెల కట్టు పట్టిక యే కార్యాలయమునను లేదు. దానిని మనమే వ్రాసికొనవలెను. కావున ఈ మహాసభవారికి నా విన్నపము లివి. గోలేటి మొదలగు ప్రతి గనిపట్టణమునను ఇద్దరు ముగ్గురు యువకులను నియమించి, మనవారి ఇండ్లలోనున్న కిక్రి, పేప్రే, డోలు, పాతకాగితములు ఏవేవి కలవో పట్టిక వేయింపవలెను. ప్రతి వస్తువునెదుట సగ, పాడి, పెర్సాపేన్ నెలవు, దాతల గూడెములు, ఎవరినుండి యెవరికి వచ్చినదో వ్రాయవలెను. ఆ వ్రాతను పుష్యమాస పూజలనాడు దాతల పెద్దలకు చదివి వినిపించి, వారి నోటి మాటతో సరిచూడవలెను. పట్టిక ప్రతియొకటి ఆ ఇంటిలోనే యుండవలెను. వస్తువును మాత్రము ఇంటినుండి కదలింపరాదు.

ఈ పనికి ధనము అంతగా అక్కరలేదు, కాలము అక్కరకలదు. అదియే మన చేతిలో తక్కువగా నున్నది. గుంజాలలో కొలదిమంది వృద్ధులు మిగిలియుండగనే అడిగినవారు వచ్చిరి. మన గూడెములలో అడుగువారు మనమే కావలెను. వచ్చు మహాసభనాటికి ఒక్క మండలపు పట్టికయైన సిద్ధమగునట్లు తీర్మానము గావింపవలసినదిగా పెద్దలను సవినయముగా ప్రార్థించుచున్నాను.