హంతకుడు మనవాడు కాకూడదు

ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు గుమ్మంలోకొస్తాడు. వాడొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. సస్పెన్సు సినిమాల్లో ఇది బాగా పాతబడిన ఎత్తే. ఇటలీ వాళ్ళు కూడా దీన్ని తెగ వాడుకున్నారు. అయితే కొన్నేళ్ళపాటు అక్కడ ఈ బయటివాణ్ణి కథల్లోకి పంపించింది ప్రభుత్వం. నాకు ఆ సినిమాల కన్నా ఈ సంగతే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

ముందు రంగు గురించి చెప్పాలి. మొండడోరి అనే ప్రచురణ సంస్థ 1929లో డిటెక్టివ్ నవలల సిరీసు ఒకటి మొదలెట్టింది. మొదటి పుస్తకం అమెరికన్ రచయిత వాన్ డైన్ నవలకి అనువాదం. అట్టలు పసుపు రంగులో ఉండేవి. దాంతో జనం ఆ పుస్తకాల్ని "జాల్లో" అనేశారు, అంటే పసుపు అని. ఇప్పటికీ అక్కడ హత్య మిస్టరీ ఏదైనా సరే, నవలైనా, సినిమా అయినా, పేపర్లో కేసైనా, దాని పేరు జాల్లోనే. మనకి పసుపంటే పెళ్ళీ పేరంటం, వాళ్ళకేమో శవం!

ముస్సోలినికి ఈ పుస్తకాలతో ఓ చిక్కొచ్చి పడింది. ఫాసిస్టు ఇటలీ అంటే క్రమశిక్షణ, నేరాలు ఉండకూడదు. పేపర్లలో హత్యల వార్తలు తగ్గించమని ఆదేశాలు కూడా ఉండేవి. మరి నవలల్లో మిలాన్ మధ్యలో శవం తేలితే ఎలా? అంచేత 1930ల చివరికి షరతులు రెండు బిగిశాయి: హంతకుడు ఇటాలియన్ కాకూడదు, శిక్ష తప్పించుకోకూడదు. ఇలాంటి రిక్వైర్‌మెంట్లు నేనూ చూశాను. క్లయింటుకి ప్రోగ్రాం సరిగ్గా పనిచెయ్యడం కన్నా రిపోర్టులో తప్పులు కనపడకపోవడం ముఖ్యం.

అనువాదాలకీ ఇదే గతి. అగాథా క్రిస్టీ ఓరియెంట్ ఎక్స్‌ప్రెస్ నవలలో ఫోస్కరెల్లి అని ఓ ఇటాలియన్ ఉంటాడు, గుర్తుందా? ఆనాటి ఇటాలియన్ అనువాదంలో వాడు పెరీరా అనే బ్రెజిల్ వాడైపోయాడు. ఫైండ్ అండ్ రీప్లేస్, అంతే.

ఈ ఇరుకులోనే అగుస్తో డి ఆంజెలిస్ అనే జర్నలిస్టు మిలాన్ పోలీసు డి విన్సెంజీని సృష్టించి, వరసగా నవలలు రాశాడు. విదేశీయుల్ని రప్పించి, వాళ్ళ పగల్నీ పాపాల్నీ మిలాన్ హోటలు గదుల్లో తేల్చుకోనిచ్చేవాడు. అదీ ఎన్నాళ్ళో సాగలేదు. 1941లో మొండడోరి సిరీసు ఆగిపోయింది. 1943లో డి ఆంజెలిస్‌ని ఫాసిస్టు వ్యతిరేక రాతలు రాశాడని జైల్లో పెట్టారు. బయటికొచ్చాక బెల్లాజో ఊళ్ళో ఓ ఫాసిస్టు చితకబాదాడు. ఆ దెబ్బలకే 1944లో చనిపోయాడు. జన్మంతా కల్పిత హంతకులకి పరాయి దేశాలు వెతికిపెట్టినవాణ్ణి చంపింది మాత్రం స్వదేశీయుడే.

ఆ రోజుల్లోనే లుకీనో విస్కోంటి తన మొదటి సినిమా తీశాడు, "ఒస్సెస్సియోనె". 1942లో షూటింగు, 1943లో విడుదల. విస్కోంటితో కలిసి స్క్రిప్టు రాసినవాళ్ళు రహస్యంగా కమ్యూనిస్టులు. వీళ్ళంతా కలిసింది "సినెమా" అనే పత్రిక దగ్గర. దాని సంపాదకుడెవరో తెలుసా? ముస్సోలిని కొడుకు విట్టోరియో! మొదట బందిపోట్ల కథ ఒకటి తీద్దామనుకుంటే ప్రభుత్వం ఒప్పుకోలేదు. దాంతో అమెరికన్ రచయిత జేమ్స్ కెయిన్ నవల, "ది పోస్ట్‌మ్యాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్", పట్టుకున్నారు. హక్కులు గట్రా ఏం కొనలేదు. ఆ పాపం ఊరికే పోలేదు, అమెరికాలో ఈ సినిమాకి దశాబ్దాలపాటు తెర దొరకలేదు.

పో నది పక్కన రోడ్డు మీదో పూటకూళ్ళ ఇల్లు, ముందర పెట్రోలు పంపు. ఒక లారీ ఆగుతుంది. వెనకాల దొంగతనంగా ఎక్కి పడుకున్న జీనోని దించేస్తారు. కెమెరా చాలాసేపు వాడి మొహం చూపించదు. వీపు మాత్రమే లోపలికి నడుస్తూ ఉంటుంది. వంటింటి గుమ్మం దగ్గర ఇల్లాలు జొవాన్నా తలెత్తి చూసినప్పుడే మనకీ వాడి మొహం కనిపిస్తుంది. అచ్చంగా "ఎవడో వచ్చాడు" సీను. ఇక వీడేదో చేస్తాడని మనం కాచుకుని ఉంటాం.

వాడు తిని, డబ్బులిచ్చి, వెళ్ళిపోతాడు! ఇవ్వలేదని మొగుడితో అబద్ధం చెప్పేది జొవాన్నా. మొగుడు వెంటపడి వాణ్ణి వెనక్కి లాక్కొస్తాడు, ఆ బాకీ కింద పని చేసి పొమ్మంటాడు. తర్వాత జరిగేది మీరు ఊహించుకోగలరు: ప్రేమ, హత్య, దాన్ని రోడ్డు ప్రమాదంలా సర్దెయ్యడం. ఇంతకీ ఆవిడ ఆ ముసలి మొగుణ్ణి కట్టుకుంది పూట గడవక. కెయిన్ నవలలో మొగుడు గ్రీకువాడు. విస్కోంటి ఇంట్లోవాళ్ళనీ, వచ్చినవాణ్ణీ, అందర్నీ ఇటాలియన్లనే చేశాడు. శిక్ష తప్పించుకోకూడదన్న షరతు చివర్లో తీరుతుంది కానీ మొదటి షరతు గాలికి పోయింది. సినిమా చూసి విట్టోరియో ముస్సోలిని "ఇది ఇటలీ కాదు" అని విసురుగా లేచి వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. నిజమో కాదో గానీ, సినిమాకి అంతకన్నా సరైన సమీక్ష నాకైతే దొరకలేదు.

ఏడాది తిరక్కుండానే విస్కోంటి తలుపు దగ్గరికే నిజమైన బెదిరింపు వచ్చింది. 1944లో, రోమ్ జర్మన్ల చేతిలో ఉండగా, ఆయన్ని అరెస్టు చేసి పియెత్రో కోహ్ ముఠా దగ్గర పెట్టారు. వాళ్ళు మనుషుల్ని హింసించే చోటు ఒక లాడ్జి. పోలీసు పేరుతో తిరిగిన ఆ ముఠా కూడా ఇటాలియన్లదే.

"ఒస్సెస్సియోనె" నటుల సంగతి చెప్పకపోతే నాకు తోచదు. జీనోగా వేసిన మస్సిమో జిరోట్టి పాతికేళ్ళ తర్వాత, 1968లో, పసోలిని "తెయొరెమా"లో మిలాన్ ఫ్యాక్టరీ యజమాని. ఈసారి వాడి ఇంటికే ఒక అపరిచితుడొస్తాడు, చివరికి ఇల్లు మొత్తం చెల్లాచెదురవుతుంది. అది థ్రిల్లర్ కాదు, నా బుర్రకి పూర్తిగా ఎక్కనూ లేదు.

జొవాన్నాగా వేసిన క్లారా కలమాయిది ఇంకా తమాషా. (1975 నాటి "ప్రొఫోందొ రొస్సొ" చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి, సస్పెన్సు విప్పేస్తున్నా.) దారియో అర్జెంతో తీసిన ఈ జాల్లోలో హీరో మార్కస్ ఇంగ్లీషువాడు, పియానో వాయిస్తాడు. ఒక హత్య కళ్ళారా చూస్తాడు. హంతకుల్ని వెతుకుతూ స్నేహితుడు కార్లో ఇంటికెళ్తాడు. ముస్సోలిని లెక్క ప్రకారం నేరం చెయ్యాల్సినవాడు ఈ పరాయి దేశపువాడే. కానీ అతనే అమాయకుడు. కార్లో తల్లి ఆదరంగా లోపలికి పిలుస్తుంది, కబుర్లు చెబుతుంది, గోడ మీద తన సినిమా రోజుల ఫొటోలు చూపిస్తుంది. అవి నిజంగా కలమాయి పాత ఫొటోలే. చిన్నపిల్లాడి కళ్ళముందే, క్రిస్మస్ పూట, మొగుణ్ణి పొడిచిన ఇల్లాలు ఈవిడే. నేను పియానిస్టునండీ అని మార్కస్ ఎన్నిసార్లు మొత్తుకున్నా వినిపించుకోదు. ఇంజనీరనే అంటుంది.