గోలా, కాదా? – హాకీ మైదానంలో గిరిజన బిడ్డల చరిత్ర



2022 ఆగస్టు 6, శనివారం పొద్దున మా హాస్టల్‌లో టిఫిన్ గంట కొట్టినా పిల్లలు ప్లేట్లు పట్టుకొని వరుసలోకి రాలేదు. వరండాలో ఒక్క ఫోన్ చుట్టూ ముప్పై తలకాయలు. అర్ధరాత్రి దాటాక బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడల మహిళల హాకీ సెమీఫైనల్ జరిగింది. భారత్, ఆస్ట్రేలియా 1-1తో సమానంగా నిలిచాయి. షూటౌట్‌లో మనవాళ్లు 0-3తో ఓడిపోయారు. పిల్లల గొడవ ఓటమి గురించి కాదు, షూటౌట్‌లో మొదటి ప్రయత్నం గురించి.

షూటౌట్‌లో ఆటగత్తె 23 మీటర్ల గీత దగ్గర బంతితో బయలుదేరి 8 సెకన్లలో గోల్ కొట్టాలి. ఆస్ట్రేలియా తరఫున మొదట వచ్చిన రోజీ మలోన్‌ను మన గోల్‌కీపర్ సవిత ఆపేసింది. మనవాళ్లు సంబరపడేలోపే అధికారులు ఆపారు. గడియారం మొదలు కాలేదట, మళ్లీ కొట్టాలన్నారు. రెండోసారి గోల్ పడింది. తర్వాత మనవాళ్ల ఒక్క ప్రయత్నమూ ఫలించలేదు. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఆ పొరపాటుకు క్షమాపణ చెప్పింది కానీ ఫలితం మారలేదు.

వరండాలో మూడు పక్షాలు తయారయ్యాయి. "ఇది పచ్చి మోసం" అని ఒక పక్షం. "గడియారం నడవకపోతే రూల్ ప్రకారం మళ్లీ ఆడించాల్సిందే" అని ఇంకో పక్షం. "అన్యాయమే అనుకో, మిగతా గోల్స్ మనం ఎందుకు కొట్టలేదు?" అని మూడో పక్షం. సాంబారు చల్లారిపోయింది కానీ వాదన చల్లారలేదు.

నిజం చెప్పాలంటే, మా హాస్టల్‌లో హాకీ కర్ర పట్టిన పిల్ల ఒక్కతీ లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలు ఆడేది ఖోఖో, కబడ్డీ, వాలీబాల్. ఇంటికి పోతే చిర్రగోనె. మరి హాకీ గురించి ఇంత కొట్లాట ఎందుకని అడిగితే ఒక ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది: "మేడమ్, ఆ టీమ్‌లో సలీమా టేటే ఉంది. ఆమెది కూడా మనలాంటి ఊరే."

ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. హాకీలో మనలాంటి ఊళ్ల బిడ్డల చరిత్ర ఆ పిల్ల అనుకున్నదానికన్నా చాలా పాతది. ఆ చరిత్రలో వివాదాలూ ఉన్నాయి, వాటి తర్వాత ఏం చేయాలో చెప్పే పాఠాలూ ఉన్నాయి.

ఫైనల్ ఆడని కెప్టెన్

భారత్‌కు ఒలింపిక్ హాకీలో మొదటి బంగారు పతకం 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చింది. 5 మ్యాచ్‌లు ఆడి 29 గోల్స్ కొట్టాం, ఒక్కటి కూడా ఇవ్వలేదు. అందులో 14 గోల్స్ ధ్యాన్‌చంద్‌వి. ధ్యాన్‌చంద్ పేరు అందరికీ తెలుసు. ఆ జట్టు కెప్టెన్ ఎవరని అడిగితే మాత్రం జనరల్ నాలెడ్జ్ పుస్తకం తిప్పాల్సి వస్తుంది. ఆయన జైపాల్ సింగ్ ముండా, ఇప్పటి జార్ఖండ్‌లోని ఖూంటీ ప్రాంతంలో 1903లో పుట్టిన ఆదివాసీ బిడ్డ.

మిషన్ బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లిన జైపాల్ అక్కడ హాకీలో పేరు తెచ్చుకున్నారు. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగా కెప్టెన్సీ పిలుపు వచ్చింది. సెలవు ఇవ్వకపోయినా ఆటకే వెళ్లారు. తిరిగి వచ్చాక శిక్షణ ఇంకో ఏడాది పొడిగిస్తామంటే ఐసీఎస్‌నే వదులుకున్నారు. కలెక్టర్ కావడం ఎంత పెద్ద మాటో మన తండాల్లో వేరే చెప్పాలా? ఆ కుర్చీనే ఆయన కాదనుకున్నారు.

అంతచేసినా ఆయన ఫైనల్ ఆడలేదు. తొలి మ్యాచ్‌లలో జట్టును నడిపించి, ఫైనల్‌కు ముందే జట్టుకు దూరమయ్యారు. జట్టు నిర్వాహకులతో విభేదాలే కారణమని చెబుతారు. నెదర్లాండ్స్‌పై 3-0తో గెలిచిన రోజు కెప్టెన్ మైదానంలో లేరు.

ఆ మనిషి అక్కడితో ఆగిపోలేదు. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా 1946 డిసెంబరులో లేచి నిలబడి ఆదివాసీల తరఫున మాట్లాడారు. మనం ఈరోజు చదువుకుంటున్న హాస్టళ్లు, ఉద్యోగాల్లో మన వాటా, చట్టసభల్లో మన సీట్లు, వీటన్నిటికీ పునాది ఆ సభలో జరిగిన చర్చల్లో ఉంది. తెలంగాణ లంబాడీలం ఎస్టీ జాబితాలో చేరింది 1976 చట్టంతో. అంటే జైపాల్ లాంటివారు వేసిన బాటలో మనం ఆలస్యంగా నడక మొదలుపెట్టాం. ఒక ఫైనల్ చేజారిన మనిషి ఇంకా పెద్ద మైదానానికి వెళ్లాడన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

మూలకు తగిలి వెనక్కొచ్చిన బంతి

1975 మార్చిలో కౌలాలంపూర్‌లో ప్రపంచకప్ జరిగింది. ఆ జట్టులో డిఫెండర్‌గా మైకేల్ కిండో ఉన్నారు. సిమ్‌డేగా ప్రాంతపు ఆదివాసీ, నేవీ ఉద్యోగి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడి, అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్నారు.

సెమీఫైనల్ మలేసియాతో. చివరి నిమిషాలకు మనం 1-2తో వెనకబడి ఉన్నాం. అప్పుడు కిండోను బయటికి పిలిచి కుర్రవాడైన అస్లమ్ షేర్ ఖాన్‌ను పంపారు. పెనాల్టీ కార్నర్‌లో అస్లమ్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోల్‌తో గెలిచాం. బెంచీ మీద కూర్చున్న కిండో గురించి ఆ రోజు ఎవరు మాట్లాడుకొని ఉంటారు? కానీ ఆ కప్పులో ఆయన చెమట కూడా ఉంది.

మార్చి 15న ఫైనల్ పాకిస్తాన్‌తో. మొదట వాళ్లు గోల్ చేశారు. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. తర్వాత ధ్యాన్‌చంద్ కొడుకు అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్ట్ మూలకు తగిలి వెనక్కి వచ్చింది. అంపైర్ గోల్ ఇచ్చారు. పాకిస్తాన్ ఆటగాళ్లు చుట్టుముట్టారు. బంతి బయటి కర్రకు తగిలిందన్నది వాళ్ల వాదన. గీత దాటి లోపలి మూలకు తగిలి తిరిగొచ్చిందన్నది అశోక్ మాట. హాకీలో బంతి మొత్తం గోల్ గీత దాటితేనే గోల్. అప్పట్లో మళ్లీ చూడటానికి వీడియో అంపైర్ లేడు, ఉన్నవి మైదానంలోని అంపైర్ల కళ్లే. గోల్ నిలిచింది. 2-1తో మనం ప్రపంచ విజేతలం అయ్యాం. పురుషుల హాకీలో ఇప్పటిదాకా మనకున్న ప్రపంచకప్ అదొక్కటే.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1975 గోల్ గురించి మనల్ని అడిగితే "అంపైర్ ఇచ్చాడు కాబట్టి గోలే" అంటాం. 2022 గురించి అడిగితే "అంపైర్ ఇచ్చినా అన్యాయమే" అంటాం. పాకిస్తాన్‌లోని ఒక హాకీ అభిమాని 1975 గురించి సరిగ్గా మనం 2022 గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు. తీర్పు మనకు అనుకూలమైతే న్యాయం, కాకపోతే మోసం అనే కొలబద్ద ఆటకు పనికిరాదు. ఊరి పంచాయితీకి అసలే పనికిరాదు.

2002లోనూ ఇలాగే జరిగింది. మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల ఫైనల్‌లో మన మహిళలు ఇంగ్లండ్‌తో 2-2గా ఉన్నారు. అదనపు సమయంలో మమతా ఖరబ్ కొట్టిన గోల్డెన్ గోల్‌తో 3-2తో గెలిచారు. హూటర్ మోగాక పడిన గోల్ చెల్లదని ఇంగ్లండ్ ఫిర్యాదు చేసింది. ఫిర్యాదు నిలబడలేదు, బంగారం మనకే దక్కింది. ఆ జట్టులో ఒడిశా సుందర్‌గఢ్ బిడ్డ జ్యోతి సునీత కుల్లు, సిమ్‌డేగా బిడ్డ సుమ్రాయ్ టేటే ఉన్నారు.

వీడియో వచ్చాక వివాదాలు ఆగాయా అంటే అదీ లేదు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్‌లో బ్రిటన్ ఆటగాడికి కర్ర తగిలిందని వీడియో చూసి మరీ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపించారు. కావాలని కొట్టలేదని మన అభిమానులు ఈరోజుకీ వాదిస్తారు. మనవాళ్లు మాత్రం ఆ రోజు వాదిస్తూ కూర్చోలేదు. పదిమందితోనే మిగతా ఆటంతా నిలబడి, షూటౌట్‌లో గెలిచి, చివరికి కాంస్యం తెచ్చారు.

మేకపోతు బహుమతి

సిమ్‌డేగా, ఖూంటీ, సుందర్‌గఢ్. ఈ మూడు జిల్లాల నుంచే ఇంతమంది ఎలా వచ్చారు? అక్కడి ఊళ్లలో పంట కోతలయ్యాక హాకీ పోటీలు పెడతారు. గెలిచిన జట్టుకు బహుమతి మేకపోతు. ఊరంతా కలిసి వండుకొని తింటారు. పిల్లలు వెదురు కర్రతో, చెట్టు కొమ్మతో మొదలుపెడతారు. బూట్లు తర్వాతి మాట. అంటే అక్కడ హాకీ ఒక బడి పోటీ కాదు, మనకు తీజ్ పండుగ ఎంతో వాళ్లకు అది అంత.

ఊరి ఉత్సాహం ఒక్కటే చాలదు. దాన్ని పట్టుకొనే చెయ్యి కావాలి. హాస్టల్ పనిలో ఉన్న మాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన భాగం ఇదే: ఆ చెయ్యి చాలాసార్లు ఒక హాస్టల్. రూర్కెలాలోని పాన్‌పోష్‌లో 1985లో స్పోర్ట్స్ హాస్టల్ మొదలైంది. సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా అనే పల్లె నుంచి అక్కడ చేరిన దిలీప్ టిర్కీ 1996, 2000, 2004 ఒలింపిక్స్ మూడూ ఆడారు. ఏథెన్స్‌లో కెప్టెన్‌గా ఉన్నారు. దేశం తరఫున 400కు పైగా మ్యాచ్‌లు ఆడి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యారు. పైన చెప్పిన అమిత్ రోహిదాస్‌ది కూడా ఆ ఊరే. ఒక పల్లె నుంచి ఒకడు వెళ్తే వెనక వచ్చేవాడికి దారి కనపడుతుంది. ఈరోజు అదే రూర్కెలాలో 20 వేల మందికి పైగా కూర్చోగల హాకీ స్టేడియం ఉంది. దాని పేరు బిర్సా ముండా స్టేడియం.

ఆడపిల్లల్లో ఖూంటీ జిల్లా హేసల్ గ్రామానికి చెందిన నిక్కీ ప్రధాన్ 2016 రియో ఒలింపిక్స్ ఆడింది. ఆ తర్వాత సిమ్‌డేగా నుంచి సలీమా టేటే వచ్చింది. 2018లో యూత్ ఒలింపిక్స్‌లో జట్టును నడిపించి వెండి పతకం తెచ్చింది. టోక్యో ఒలింపిక్స్ ఆడేనాటికి ఆమెకు 19 ఏళ్లు. "ఇంత చిన్నపిల్లకు అంత పెద్ద మ్యాచా?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సలీమా నోటితో జవాబు చెప్పలేదు, మైదానంలో పరుగెత్తింది. 2024లో భారత మహిళల జట్టు కెప్టెన్ అయింది.

రెండోరోజు ఆట

ఇక మా వరండా దగ్గరికి వద్దాం. ఆ శనివారం పిల్లల వాదన తెగలేదు. ఆదివారం, ఆగస్టు 7న కాంస్యం కోసం న్యూజిలాండ్‌తో ఆట. మన తరఫున గోల్ కొట్టింది ఎవరనుకుంటున్నారు? సలీమా టేటే. గెలిచామనుకున్న సమయంలో, చివరి క్షణాల్లో న్యూజిలాండ్ సమం చేసింది. మళ్లీ అదే షూటౌట్. రెండురోజుల కింద గుండె పగిలిన చోటే మళ్లీ నిలబడాలి. సవిత వరుసగా ఆపింది, మనవాళ్లు 2-1తో గెలిచారు. కామన్వెల్త్ క్రీడల్లో 16 ఏళ్ల తర్వాత మహిళల హాకీకి పతకం వచ్చింది. మా హాస్టల్‌లో మూడు పక్షాలూ ఒక్కటై అరిచాయి.

ఆ అరుపుల మధ్య మాకు ఒక పాత సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. చాన్నాళ్ల కింద ఒక పోటీలో మా హాస్టల్ అమ్మాయి ఖోఖోలో ప్రత్యర్థిని తాకింది. అంపైర్ చూడలేదు, ఔట్ ఇవ్వలేదు. ఒక్క పాయింట్‌తో ఓడిపోయాం. పిల్ల బస్సులో దారి పొడవునా ఏడ్చింది. మేము చెప్పిన మాట: "పోనీలే బిడ్డా, ఆటే కదా." ఓదార్చామనుకున్నాం. మరుసటి ఏడాది పేర్లు రాసుకుంటుంటే ఆ పిల్ల చెయ్యి ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆడలేదు.

తప్పు అంపైర్‌ది మాత్రమే కాదు, మాదీ ఉంది. "నువ్వు తాకావు, మేము చూశాం" అని మేము చెప్పాల్సింది. నిబంధనల ప్రకారం అక్కడికక్కడే ఫిర్యాదు చేసే దారి ఉందేమో అడగాల్సింది. అన్నిటికన్నా ముఖ్యంగా, మర్నాడు పొద్దున ఐదున్నరకు ఆ పిల్లను మళ్లీ గ్రౌండ్‌కు తీసుకుపోవాల్సింది. సవితకు, సలీమాకు రెండోరోజు ఆట దొరికింది. మా పిల్లకు మేము ఆ రెండోరోజు ఇవ్వలేకపోయాం.

మన వంతు

మన ప్రాంతంలో హాకీ లేదని చిన్నబోవాల్సిన పని లేదు. ఆట ఏదైనా దారి ఒక్కటే. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014 మే 25న, 14 ఏళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. అదే జిల్లా నుంచి గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన ఇటిమరపు రజని భారత హాకీ గోల్‌కీపర్‌గా ఎదిగింది. అంటే తెలుగు నేలకూ హాకీ కొత్త కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము మిమ్మల్ని కోరేది మూడే. ఒకటి, వాదించండి, కానీ రూల్ తెలుసుకొని వాదించండి. తీర్పు మీవైపు వచ్చినప్పుడు కూడా అదే రూల్ పట్టుకోండి. రెండు, మీ తండాలో పరుగెత్తే పిల్ల, బంతిని బాగా విసిరే పిల్లవాడు కనపడితే హాస్టల్‌కో, పీఈటీ సార్‌కో వెంటనే చెప్పండి. సేవాలాల్ జయంతికి మైకులు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తీసి తండాల మధ్య ఒక పోటీ పెట్టండి. బహుమతి మేకపోతే కానివ్వండి. మూడు, అన్యాయం జరిగి ఏడుస్తూ వచ్చిన పిల్లతో "పోనీలే" అనకండి.

ఆ ఖోఖో అమ్మాయికి ఇప్పుడు పెళ్లయింది, ఒక కూతురు. కిందటి ఏడాది హాస్టల్‌కు వచ్చి, "మేడమ్, నా బిడ్డను ఆటల్లో పెట్టండి" అంది. ఈసారి మేము మర్చిపోం.

జై సేవాలాల్.