హుజూరాబాద్ ఫ్లెక్సీ, ఉబుంటు స్టూడియో

కళాకారుల కోసమే తయారైన ఆపరేటింగ్ సిస్టం ఒకటుంది, దానికి పైసా కట్టక్కర్లేదు అని హుజూరాబాద్‌లో ఏ ఫ్లెక్సీ దుకాణంలోనైనా చెప్పి చూడండి. "మా ఫోటోషాప్‌కు మాత్రం ఎవలు పైసలు కట్టిన్రు తమ్మీ?" అని నవ్వుతారు. మన దగ్గర లినక్సు చరిత్ర సగం ఈ ఒక్క మాటలోనే ఉంది. వందల డాలర్లు పెట్టి సాఫ్టువేరు కొనుక్కునే దేశాల్లో ఉచితం అనే మాటకు బలముంది. మనకు రెండూ ఉచితమే :)

ఇంగ్లీషులో ఫ్రీ అనే మాటకు రెండర్థాలుండటం వల్ల స్టాల్‌మన్ గారు దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటూ ఉన్నారు. తెలుగుకు ఆ తిప్పలు లేవు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాదులో తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చినవాళ్ళు దానికి స్వేచ్ఛ అనే పేరు పెట్టారు. పేరు సరే, దాంతో పెండ్లి పత్రిక చేయగలమా అన్నది దుకాణాయన ప్రశ్న.

దానికి జవాబు రావాల్సింది ఉబుంటు స్టూడియో నుంచి. 2007 మే నెలలో మొదటి విడుదల, 7.04. అంతకు ముందే యారోమిల్ అనే ఇటలీ కుర్రాడు డైన్‌బోలిక్ అని ఒక సీడీ తయారుచేశాడు. హార్డు డిస్కు ముట్టుకోకుండా సీడీ మీద నుంచే పనిచేసేది. ఉబుంటు స్టూడియో వాళ్ళు ఇంకాస్త విస్తారంగా ఆలోచించి ఆర్డోర్, హైడ్రోజన్, ఆడాసిటీ, గింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్, స్క్రైబస్ అన్నీ ఒకే డిస్కులో పెట్టారు. వీటిలో బ్లెండర్ కథ వేరే రాయాలి. దివాలా తీసిన కంపెనీ నుంచి దాన్ని విడిపించడానికి 2002లో జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేశారు.

మరి ప్రోగ్రాములన్నీ విడివిడిగా దొరికేటప్పుడు ప్రత్యేకంగా ఆపరేటింగ్ సిస్టం ఎందుకు? శబ్దం కోసం. గాయకుడు మైకులో పాడుతూ తన గొంతే హెడ్‌ఫోనులో వింటుంటాడు. కంప్యూటరు ఆ శబ్దాన్ని ముక్కలుగా తీసుకుని తిరిగి పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్ళ లెక్కన, 256 శాంపిళ్ళ ముక్క అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు. ఆ సమయంలో కర్నెల్ ఇంకేదో పనిలో ఉండి ఆలస్యం చేస్తే పాటలో టప్‌మని శబ్దం పడుతుంది. అలా కాకుండా చూసేదే రియల్ టైం కర్నెల్. ఇన్నేళ్ళూ విడి అతుకుగా ఉన్న ఆ కోడు పూర్తిగా అసలు లినక్సులో కలిసింది 2024లో, 6.12 వెర్షనుతో. ఇరవై ఏళ్ళ పని! జానపద పాటలు ఇంట్లోనే రికార్డు చేసి యూట్యూబులో పెట్టేవాళ్ళకు ఇది అక్షరాలా పనికొచ్చే సంగతి.

శబ్దం సంగతి అలా ఉంచితే, మా దిక్కు మల్టీమీడియా అంటే ముందుగా అక్షరాలు. ఫ్లెక్సీ, కరపత్రం, శుభలేఖ. ఇక్కడే కథ అడ్డం తిరిగింది.

2007 నాటికి ఇంక్‌స్కేప్, గింప్‌లలో యూనికోడ్ తెలుగు చక్కగా కుదిరేది, ఎందుకంటే రెండూ పాంగో అనే లైబ్రరీతో ఒత్తులూ గుణింతాలూ పేరుస్తాయి. అప్పటి ఫోటోషాప్‌కు ఆ పని రాదు. అంటే తెలుగు విషయంలో స్వేచ్ఛా సాఫ్టువేరే ముందుంది! కానీ ఆ సంగతి దుకాణాయనకు ఎందుకు పడుతుంది? ఆయన దగ్గర పేజ్‌మేకర్, అను ఫాంట్లు ఉన్నాయి, రకరకాల అలంకారాలతో. లినక్సులో ఉన్నవి పోతన, వేమన, లోహిత్, అంతే. మూడు ఫాంట్లతో బతుకమ్మ ఫ్లెక్సీ ఎవరు వేస్తారండీ? సిలికానాంధ్ర వాళ్ళు 2011, 2012ల్లో పొన్నాల, రవిప్రకాశ్, సురవరం, రామభద్ర లాంటి ఫాంట్లను స్వేచ్ఛగా విడుదల చేసేటప్పటికి చేతులు అను కీబోర్డుకు అలవాటు పడిపోయాయి.

ఇక పేజీలు కట్టే స్క్రైబస్ మరీ అన్యాయం. ఉబుంటు స్టూడియోలో ఉన్న ఆ రోజుల్లో దానికి తెలుగు ఒత్తులు తెలియవు. శుభలేఖలో మొట్టమొదటి అక్షరం శ్రీ, అదే విడిపోతే ఇంకేం శుభం? 2017లో 1.5.3 ప్రయోగ వెర్షనులో అది సరయింది. స్థిరమైన 1.6 వచ్చింది 2024 జనవరి 1న. గింప్‌లో నేరుగా సీఎంవైకే రంగుల్లో పనిచేసే వీలు ఇప్పటికీ లేదు. కాబట్టి దుకాణాయన తప్పేమీ లేదు, సరైన పనిముట్టు ఆయనకు పదిహేడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

అయితే ఆ పదిహేడేళ్ళలోనే తెలంగాణ ఉద్యమం జరిగింది. 2010 ఉప ఎన్నిక కరపత్రాలు, ధూంధాం పోస్టర్లు, ఊరూరి సంఘాల పత్రికలు, అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళలో అను అక్షరాల్లో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7.0, 2001లో వచ్చింది. అను ఫాంటు లేని కంప్యూటరులో ఆ వాక్యాలు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. వెతికితే ఒక్క పదం కూడా దొరకదు. నన్నడిగితే నష్టమంటే ఇదీ, లైసెన్సు పైసలు కాదు.

ఆ పాత ఫైళ్ళను తెరిచే కోడు రాసిందీ స్వేచ్ఛా సాఫ్టువేరు వాళ్ళే. 2015 జనవరిలో వచ్చిన లిబ్రే ఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరుచుకుంటాయి. బయటికొచ్చిన అక్షరాలను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లూ ఉన్నాయి. ఒత్తుల దగ్గర అక్కడక్కడా చేత్తో దిద్దుకోవాలి. మీ ఊరి దుకాణంలో పాత హార్డు డిస్కు ఉంటే, అది పాడవకముందే ఒక కాపీ తీసి పెట్టమని అడగండి.