ఖైదీల తరలింపు.. స్వదేశాగమనం: న్యాయస్థానాల పర్యవేక్షణ ఇలా

ఒక కేసులో రిమాండులో ఉన్న ఖైదీని మరో కోర్టుకు తరలించాలన్నా, శిక్ష ముగిసిన విదేశీయుణ్ని స్వదేశానికి పంపాలన్నా పోలీసుల ఇష్టం చాలదు. ప్రతి దశలోనూ చట్టబద్ధమైన ఉత్తర్వు ఉండాలి. గడువు దాటి ఒక్క రోజు నిర్బంధించినా అది రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన స్వేచ్ఛకు భంగమే.

పీటీ వారెంటు తప్పనిసరి

జైలులో ఉన్న వ్యక్తిని మరో కేసులో హాజరుపరచాలంటే, ఆ కేసు విచారించే న్యాయస్థానం ఉత్తర్వు జారీ చేయాలి. వాడుకలో దీన్నే పీటీ వారెంటు అంటారు. గతంలో సీఆర్‌పీసీ 267వ సెక్షన్ కింద ఉన్న ఈ అధికారం 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 302వ సెక్షన్‌లోకి వచ్చింది. రెండో తరగతి మేజిస్ట్రేటు ఇచ్చిన ఉత్తర్వుపై చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేటు సంతకం కూడా ఉండాలి. ఖైదీ అనారోగ్యంతో కదలలేని స్థితిలో ఉంటే జైలు అధికారి తరలింపును నిలిపి, కారణాలను కోర్టుకు తెలియజేయాలి.

కేసునే మరో కోర్టుకు మార్చాలంటే సెషన్స్ డివిజన్ పరిధిలో సెషన్స్ జడ్జికి, రాష్ట్ర పరిధిలో హైకోర్టుకు, రాష్ట్రాల మధ్య సుప్రీంకోర్టుకు అధికారం ఉంది.

విదేశీ ఖైదీల విషయంలో..

శిక్షలో మిగిలిన కాలాన్ని స్వదేశంలో అనుభవించేందుకు 2003 నాటి ఖైదీల స్వదేశాగమన చట్టం వీలు కల్పిస్తోంది. 2004 జనవరి 1న అమలులోకి వచ్చిన ఈ చట్టం, భారత్‌తో ఒప్పందం ఉన్న దేశాలకే వర్తిస్తుంది. మరణశిక్ష పడినవారికి, ఇతర కేసుల విచారణ పెండింగులో ఉన్నవారికి ఈ అవకాశం లేదు.

శిక్ష పూర్తయినవారి సమస్య వేరు. జాతీయత నిర్ధారణ కానిదే ఏ దేశమూ వారిని స్వీకరించదు. ఈ జాప్యంలో వారు జైళ్లలోనే మగ్గడాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టింది. పాకిస్థానీ ఖైదీలపై 2005లో దాఖలైన పిటిషన్‌పై 2012లో ఉత్తర్వులిస్తూ, అటువంటివారిని జైలు నుంచి విడిపించి, స్వదేశానికి పంపేవరకు పరిమిత సంచార స్వేచ్ఛతో వేరే చోట ఉంచాలని ఆదేశించింది.

మత్స్యకారుల అనుభవం

భారత్, పాకిస్థాన్‌ల మధ్య 2008లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. అరెస్టయిన మూడు నెలల్లోగా దౌత్యాధికారులు ఖైదీని కలిసేందుకు అనుమతించాలి. జాతీయత నిర్ధారణై, శిక్ష పూర్తయితే నెలలోగా పంపాలి. ఈ నిబంధనల విలువ ఉత్తరాంధ్రకు బాగా తెలుసు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాక్ అధికారులకు చిక్కిన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంత మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. అంతవరకు ఏడాదికి పైగా వారి కుటుంబాలు ఎదురుచూపులతోనే గడిపాయి.

ఉచిత న్యాయ సహాయం

నిర్బంధంలో ఉన్న ఎవరైనా 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. బంధువులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. ఖైదీ పేరు, కేసు నంబరు, రిమాండు తేదీ తెలిపితే పని సులభమవుతుంది.