అమాయకులు అనే మాట గురించి

పోస్టు ఎప్పటిలాగే పొడుగ్గా ఉంటుంది, తీరిక చూసుకొని చదవండి.

పోయిన క్రిస్మస్ నాడు కోఠారిలో మన సభ్యుల ఇంట్లో భోజనాలు. తిన్నాక పిల్లలు గోడ మీది క్యాలెండర్ దగ్గర చేరారు. దాని మీద ఏదెను తోట బొమ్మ: ఆదాము, హవ్వ, చెట్టుకు చుట్టుకున్న పాము. ఆరో తరగతి చదివే పిల్ల ఒకతె అడిగింది: "పండు తింటేనే కదా మంచీ చెడూ తెలిసేది? తినకముందు వాళ్ళకు తెల్వదు. తెల్వనోళ్ళకు శిక్ష ఎందుకు?" పెద్దవాళ్ళం నవ్వాం. ఒకాయన సర్దిచెప్పబోయి, "వాళ్ళు అప్పుడు మన గోండుల లెక్క అమాయకులు బిడ్డా" అన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. మేమూ అనలేదు. సోంపు నోట్లో వేసుకొని లేచి వచ్చాం.

పిల్ల ప్రశ్నకూ జవాబు రాలేదు, ఆయన మాటకూ జవాబు ఇవ్వలేదు. రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందు కథ దగ్గరికి వెళ్దాం. ఆదికాండం రెండో అధ్యాయం చివర, ఆ ఇద్దరూ బట్టలు లేకుండా ఉన్నారనీ, సిగ్గు ఎరగరనీ ఉంటుంది. పాపానికి ముందున్న స్థితి గురించి బైబిల్ చెప్పేది దాదాపు అంతే. మన భాషలో "సిగ్గులేదా" అంటే తిట్టు. అక్కడ సిగ్గు తెలియకపోవడమే పవిత్రత. చంటిపిల్లాడు మొలతాడుతో వీధిలో పరిగెత్తితే ఎవరం తప్పు పట్టం కదా, అలాంటిది. ఇంకో విశేషం. హీబ్రూలో బట్టలు లేనివారికి వాడిన మాట "అరూమిమ్". వెంటనే మూడో అధ్యాయం మొదట్లో పాము గురించి చెబుతూ "అరూమ్" అంటాడు, అంటే జిత్తులమారి. వినడానికి ఒకేలా ఉండే రెండు మాటలను పక్కపక్కన పెట్టాడు. ఒకరికి దాచుకోవడానికి ఏమీ లేదు, ఇంకొకరికి ఉన్నదంతా దాచుకున్నదే.

(బొమ్మల్లో కనిపించే ఆపిల్ పండు బైబిల్లో లేదు. చెట్టు ఫలం అని మాత్రమే ఉంది. లాటిన్లో ఆపిల్‌కూ చెడుకూ ఇంచుమించు ఒకటే మాట కాబట్టి ఆ పేరు అంటుకుందంటారు. ఆకులు మాత్రం అంజూరపువే.)

మన పిల్ల అడిగిన ప్రశ్న చాలా పాతది. రెండో శతాబ్దంలో లియోన్ నగర బిషప్పు ఇరెనేయస్ దీనికి ఒక దారి చూపించాడు. ఆయన దృష్టిలో ఆదాము హవ్వలు పిల్లలు. దేవుడు వాళ్ళను ఎదగడానికి పుట్టించాడు, వాళ్ళు తొందరపడ్డారు. అంతియొకయ థెయోఫిలస్ కూడా ఇలాగే రాశాడు. తర్వాత ఉత్తర ఆఫ్రికా నుంచి అగస్టీను వచ్చాడు (354–430). ఆయన ఆదాము పిల్లవాడు కాడు. పాపం చేయకుండా ఉండే శక్తి నిండుగా ఉన్న మనిషి. తెలిసే చేశాడు, అందుకే ఆ దోషం పుట్టే ప్రతి బిడ్డకూ వస్తుంది. ఇందుకు ఆయన చూపిన ఆధారాల్లో రోమా పత్రిక ఐదో అధ్యాయం పన్నెండో వచనం ఒకటి. ఆయన చేతిలో ఉన్న లాటిన్ పాఠంలో "అతనిలో" అందరూ పాపం చేశారని అర్థం వచ్చేది. గ్రీకులో చూస్తే అందరూ పాపం చేశారు "కాబట్టి" అని. మన ఇళ్ళలో ఉన్న తెలుగు బైబిల్ గ్రీకు అర్థాన్నే పట్టుకుంది, కావాలంటే తీసి చూడండి. అయినా పడమటి క్రైస్తవం అగస్టీను దారినే పోయింది. 1546లో ట్రెంట్ మహాసభ జన్మపాపం మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది. తూర్పు సంఘాలు వారసత్వంగా మరణం వస్తుందంటాయి కానీ, ఆదాము చేసిన నేరం బిడ్డ నెత్తిన పెట్టవు.

మాకు ఇరెనేయస్ మనసుకు దగ్గర. కానీ ఆ దారిలో ఒక గుంత ఉంది. నిర్దోషి అంటే పిల్లవాడు అని ఒకసారి అనుకుంటే, ఎదిగిన మనుషుల్ని కూడా పిల్లల్ని చేసేయడం సులువు. మన ఆయన చేసింది అదే.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. స్టీఫెన్ హిస్లాప్ అని స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మిషనరీ 1845లో నాగపూర్ వచ్చాడు. నాగపూర్లో మన పిల్లలు కొందరు చదివిన హిస్లాప్ కాలేజీ పేరు ఆయనదే. ఆయనకు రాళ్ళ పిచ్చి. మన చంద్రపూర్ జిల్లా మంగళి దగ్గర దొరికిన ఒక పుర్రెను రిచర్డ్ ఓవెన్ 1855లో లండన్‌లో పరిశీలించి బ్రాకియోప్స్ అని పేరు పెట్టాడు. కప్పల దూరపు చుట్టం, సుమారు 25 కోట్ల ఏళ్ళ నాటిది. పాపంతోనే మరణం లోకంలోకి వచ్చిందని నమ్మే సంఘానికి, మనిషి పుట్టకముందే చచ్చిన జీవి దొరికిందన్నమాట. ఆ సంఘం వాళ్ళేమీ గాభరా పడలేదు. వాళ్ళ "విట్నెస్" పత్రిక సంపాదకుడు హ్యూ మిల్లర్ స్వయంగా శిలాజాల మీద పుస్తకాలు రాసినవాడు. జంతువుల చావు వేరు, మనిషి చావు వేరు అని సరిపెట్టుకున్నారు.

రాళ్ళకంటే మాకు ముఖ్యమైనది ఆయన రాసిపెట్టుకున్న పాట. ఒక పర్ధాన్ నోట విన్న గోండుల లింగో కథ. 1863 సెప్టెంబరులో టాకళ్‌ఘాట్ రాతి వలయాలు చూసి తిరిగి వస్తూ హిస్లాప్ వాగులో మునిగి చనిపోయాడు. ఆయన కాగితాలను రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చు వేయించాడు. ఆ పాట అందులో ఉంది.

అందులో మొదటి మనుషులకు తోట లేదు. గోండులు పుట్టాక మహాదేవుడికి వాళ్ళు నచ్చరు. ఒక ఉడుతను వదులుతాడు. దాన్ని తరుముతూ వాళ్ళు గుహలోకి దూరగానే బండతో మూసేస్తాడు. నలుగురే మిగులుతారు. ఆ నలుగురికీ లింగో దొరుకుతాడు, సేద్యం నేర్పుతాడు, నిప్పు తెచ్చిపెడతాడు. వాళ్ళకు పెళ్ళిళ్ళు కూడా చేస్తాడు. తర్వాత ఆ ఆడవాళ్ళు లింగోను ఆశిస్తారు. అతను ఒప్పుకోడు. వాళ్ళు తిరగేసి అతని మీదే నింద వేస్తారు. అన్నదమ్ములు నమ్మి అతన్ని చంపేస్తారు. దేవుడి దయతో అమృతం పడి మళ్ళీ లేస్తాడు, ఆ తర్వాతే వెళ్ళి గుహలో ఉన్నవాళ్ళను విడిపిస్తాడు.

ఏదెనులో మనుషుల్ని బయటికి పంపి దారి మూస్తారు. ఇక్కడ మనుషుల్ని లోపల పెట్టి మూస్తారు, విడిపించేవాడు తర్వాత వస్తాడు. ఈ కథలో కపటం లేనివాడు లింగో. అతను ఏమీ తెలియనివాడు కాదు. అందరికంటే ఎక్కువ తెలిసినవాడు, మిగతావాళ్ళకు నేర్పినవాడు. తమ ఇంటి కథలో నిర్దోషిని గురువుగా నిలబెట్టుకున్న జనాన్ని మనం "పాపం, అమాయకులు" అంటున్నాం.

అమాయకుడు అంటే అసలు అర్థం మాయ లేనివాడు అనే. వాడుకలో అది తెలివిలేనివాడికి ముద్దుపేరు అయిపోయింది. 1858 అక్టోబరు 21న చాందాలో ఉరికంబం ఎక్కిన బాబూరావు షెడ్మాకే అమాయకుడా? 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీము? ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వచ్చిన హైమెన్‌డార్ఫ్, బయటివాళ్ళకూ వడ్డీ వ్యాపారులకూ వాళ్ళ భూములు ఎలా పోయాయో రాశాడు. సరిహద్దు అవతల 1/70 చట్టం, ఇవతల 1974లో మహారాష్ట్ర రెవెన్యూ చట్టంలో మార్పు ఊరికే రాలేదు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. అటక మీద తాతగారి కాలపు ఖాతా పుస్తకం ఒకటి ఉంది. నాగు కింద ఇచ్చిన గింజలు, అప్పులు, ఒక్కో పేరు పక్కన నిశానీ. కొన్ని పేర్ల దగ్గర చివర్లో పొలం గట్ల వివరం ఉంటుంది. చిన్నప్పుడు అడిగితే మా ఇంట్లో చెప్పిన మాట ఇదే: "వాళ్ళు అమాయకులు, లెక్కలు తెల్వవు." లెక్క తెలియకపోవడం వాళ్ళ గుణంగా చెప్పారు తప్ప, లెక్క రాసిందెవరో చెప్పలేదు.

పిల్ల ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఆ కథలోనే ఉంది. తప్పు జరిగాక దేవుడు ఆదామును అడుగుతాడు, హవ్వను అడుగుతాడు, ఇద్దరి మాటా వింటాడు. పామును మాత్రం ఏమీ అడగడు. శాపం ముందు దానికే.

వచ్చే నెల సమావేశానికి ఆ పుస్తకం తెస్తున్నాం. మీ ఇళ్ళలో అలాంటివి ఉంటే మీరూ తీసుకురండి. అందులో ఉన్న ఊర్ల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాం, పదకొండు తేలాయి. కొన్ని అక్షరాలు మాకు అంతుపట్టడం లేదు, పాత రాత చదవగల పెద్దలు కాస్త ముందుగా రావాలి.