మా పెరట్లో గునుగు

బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మన దేశపుది కాదంటే మా అత్తమ్మ ఒప్పుకోరు. బంతి పుట్టిల్లు మెక్సికో. కొలంబస్ తర్వాతి కాలంలో ఐరోపావాళ్ళ ఓడలెక్కి మన వైపు వచ్చింది. మిరపకాయ కూడా అట్లనే వచ్చింది కాబట్టి బంతిని తప్పుపట్టేదేం లేదు. గునుగు, తంగేడు మాత్రం ఎవరూ నాటకుండానే చేలల్లో, గుట్టల మీద మొలిచేవి. వానలు వెనకబట్టే వేళ ఏది విరగబూస్తే దాన్నే ఆడవాళ్ళు పేర్చుకున్నారని నా నమ్మకం.

మాది లాల్‌దర్వాజ. 1591లో చార్మినార్ కట్టి ఈ ఊరు వేసిన కుతుబ్‌షాహీలకు తోటలంటే ప్రాణం. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే ఊరిపేరు బాగ్‌నగర్ అనే రాసుకున్నాడు. అది తోటల పేరా, భాగ్యమతి పేరా అన్న కొట్లాట ఇంకా తెగలేదు. ఇప్పుడు జాంబాగ్, బషీర్‌బాగ్, మూసారాంబాగ్ అని పేర్లు మిగిలాయి, తోటలు పోయాయి. జాంబాగ్‌లో ఉన్న పూల మార్కెట్ కూడా గుడిమల్కాపూర్‌కు పోయింది. ఊళ్ళల్లో కలుపని పీకి పారేసే గునుగును పెత్రమాసకు మనం కట్టలు కట్టలుగా కొంటున్నాం.

మా ఇంటి వెనక పదడుగుల మట్టి నేల ఉంది. 2021లో దానిమీద షాబాద్ బండలు పరిపిద్దామన్నారు మా ఆయన. బురదలో అత్తమ్మ జారిపడతారని భయం. భయం నిజమైనదే, కాదనలేను. కానీ అంతకుముందు ఏడు, 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు వీధి చెరువైతే, పెరట్లో నీళ్ళు తెల్లారేసరికి ఇంకిపోయాయి. అది గుర్తుచేశాను. చివరికి నల్లా దాకా బండల దారి, మిగతాది మట్టి అని ఒప్పందం.

ఆ నీళ్ళు ఇంకడానికి బొరియలు చేసింది ఎర్రలే, అదే వానపాములు. వీటి మీద డార్విన్ 1881లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఏడాదికి ఎకరాకు పది టన్నులకు పైగా మట్టి వాటి కడుపులోంచి బయటికొస్తుందని లెక్కకట్టాడు. కలకత్తా నుంచి, నీలగిరుల నుంచి వచ్చిన వానపాము మట్టిని కూడా పరిశీలించాడు. వాటికి వినబడుతుందా అని ఇంట్లో పియానో కూడా మోగించి చూశాడట. ఆ ఇల్లాలి ఓపికకు దండం పెట్టాలి!

నేను వానపాములను కొనలేదు. ఎరువుకోసం ఎక్కువగా అమ్మే ఎర్ర రకం ఐరోపాది, అది చెత్తకుప్పలో బతుకుతుంది గానీ నేలలోకి లోతుగా పోదు. మన నేలలో ఉన్నవాటికి నీడ, తడి, తిండి ఉంటే చాలు. ఎండుటాకులు పరిచాను, పేడనీళ్ళు చల్లాను, తవ్వడం మానేశాను. ఎండాకాలం తడిపిన గోనెసంచి కప్పాను. రెండో వానాకాలానికి పొద్దున లేస్తే ఆకుల కింద చిన్న చిన్న మట్టి ఉండలు కుప్పలుగా కనిపించాయి.

గునుగు విత్తనం నల్లగా, ఆవగింజకన్నా సన్నగా మెరుస్తుంది. ఎండిన పూలను దులిపి పెట్టుకుని తొలకరికి చల్లితే అయిపోయింది. తంగేడు గింజే మొండిది, పైపెంకు గట్టి. వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టాల్సిందే.

పోయిన పెత్రమాసకు గునుగు కొనలేదు. అత్తమ్మే కోశారు, బండల దారి మీద నిలబడి, చేతికి అందినంత మేర. బంతి మాత్రం కొనిపించారు.

ఎదురింటి ఖాలా గునుగు విత్తనాలు అడిగారు. వాళ్ళింట్లో మట్టి నేల లేదు, డాబా మీద కుండీలే. అందుకని విత్తనాల పొట్లంతో పాటు పెరటి మట్టి కూడా రెండు తట్టలు పంపాను, ఎర్రలతో సహా.